యువతలో హింస: మాధ్యమాలు, పెంపకం (తెలంగాణ, మెదక్ పట్టణ నేపథ్యం)

పిల్లలు, యువకులు ఎదుటివారి శరీరానికో ప్రాణానికో హాని తలపెట్టడాన్ని యువతలో హింస అంటారు. తెలుగునాట ఇలాంటి ఘటన జరిగినప్పుడల్లా రెండు అభియోగాలు వినిపిస్తాయి. సినిమాలు, సెల్‌ఫోన్ వీడియోలు, ఆటలు పిల్లల్ని చెడగొట్టాయన్నది మొదటిది. తల్లిదండ్రులు సరిగా పెంచలేదన్నది రెండోది. ఈ రెండు వాదాల మీద ప్రపంచంలో అరవై ఏళ్లకు పైగా పరిశోధన సాగింది. తెర మీది హింస పిల్లల్లో దురుసుతనాన్ని కొద్దిగా పెంచగలదనీ, హత్య, అత్యాచారం వంటి ఘోరాలకు అదొక్కటే కారణమని చెప్పే ఆధారం లేదనీ ఆ పరిశోధన చెబుతోంది. ఇంట్లో తినే దెబ్బలు, పట్టించుకునేవాళ్లు లేకపోవడం, తాగుడు, తల్లిదండ్రుల కొట్లాటలు అంతకంటే బలమైన కారణాలుగా తేలాయి. అయితే ఇల్లు ఎలా నడుస్తుందన్నది ఆ ఇంటివాళ్ల చేతుల్లో మాత్రమే లేదు. ఉపాధి, వలస, బడి, ఊరు కూడా పెంపకంలో భాగమే. మెదక్ వంటి చిన్న జిల్లా కేంద్రంలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

నిర్వచనం, పరిధి

10 నుంచి 29 ఏళ్ల వయసువారి మధ్య, సాధారణంగా ఇంటి బయట జరిగే హింసను ప్రపంచ ఆరోగ్య సంస్థ యువహింసగా గుర్తిస్తుంది. బడిలో వేధింపులు, ముఠా కొట్లాటలు మొదలుకొని లైంగిక దాడి, హత్య దాకా అన్నీ ఇందులోకి వస్తాయి. భారతీయ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా చూస్తుంది. వారు నేరం చేస్తే 'నేరస్థులు' అనకుండా 'చట్టంతో విభేదించిన బాలలు' అంటుంది.

దురుసుతనం, హింస ఒకటి కావు. తోటివాణ్ణి నెట్టడం, అరవడం, బూతులాడటం దురుసుతనం. కత్తి పట్టడం హింస. మాధ్యమాల మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం మొదటిదాన్నే కొలిచాయి. పత్రికల్లో చర్చ జరిగేది రెండోదాని మీద. ఈ తేడా మరిచిపోవడం వల్లే పరిశోధన ఫలితాలను అటు ఇటు కూడా అతిగా చెప్పడం జరుగుతోంది.

గణాంకాలు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం దేశంలో బాలలు నిందితులుగా నమోదైన కేసులు 2016లో 35,849. 2022లో అవి 30,555. పట్టుబడినవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా 16–18 ఏళ్లవాళ్లే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మొబైల్ డేటా చవకై, పల్లెల్లో కూడా ఫోన్ పిల్లల చేతికి చేరింది. ఆ ఏళ్లలోనే మొత్తం కేసులు తగ్గాయి కాబట్టి ఫోన్ వచ్చింది గనక నేరం పెరిగిందనే సూటి లెక్క నిలవదు. అదే కాలంలో ఈ కేసుల్లో హింసాత్మక నేరాల వాటా పెరిగింది కాబట్టి ఫోన్‌కు ఏ సంబంధమూ లేదని కొట్టిపారేయడానికీ వీల్లేదు. నమోదైన కేసులు పోలీసుల పనితీరును, ఫిర్యాదు చేసేవారి ధైర్యాన్ని కూడా చూపిస్తాయి.

పట్టుబడిన బాలల్లో అత్యధికులు తల్లిదండ్రులతో కలిసి ఉంటున్నవారేనని కూడా ఈ సంస్థ నివేదికలు ఏటా చెబుతున్నాయి. దీన్ని పెంపకం వైఫల్యానికి రుజువుగా చూపేవారున్నారు. కానీ దేశంలో పిల్లలందరిలోనూ అత్యధికులు తల్లిదండ్రుల దగ్గరే ఉంటారు. ఇంట్లో తల్లీతండ్రీ ఉన్నారా లేదా అన్నదాని కంటే ఆ ఇంట్లో ఏం జరుగుతోందన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

తెలుగు రాష్ట్రాల్లో చర్చకు కారణమైన ఘటనలు

2022 మే 28న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక బాలికపై సామూహిక అత్యాచారం జరిగింది. నిందితులు ఆరుగురిలో అయిదుగురు మైనర్లు. వారిలో కొందరు పలుకుబడి గల కుటుంబాలవారు కావడంతో, పేదరికమే హింసకు మూలమన్న వివరణ ఇక్కడ సరిపోలేదు. నలుగుర్ని పెద్దలుగా పరిగణించి విచారించవచ్చని జువెనైల్ జస్టిస్ బోర్డు ఆ ఏడాదే నిర్ణయించింది.

2024 జులైలో నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో తొమ్మిదేళ్ల బాలిక అదృశ్యమైన కేసులో అత్యాచారం, హత్య ఆరోపణలపై ముగ్గురు మైనర్ బాలుర్ని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఆ పిల్లలకు ఫోన్లో అశ్లీల వీడియోలు ఎలా అందాయన్న ప్రశ్న రాష్ట్రమంతా మార్మోగింది.

2025 ఆగస్టు 18న హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఆరో తరగతి బాలిక తన ఇంట్లోనే హత్యకు గురైంది. నాలుగు రోజుల తర్వాత పొరుగునే ఉండే పద్నాలుగేళ్ల బాలుణ్ణి పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. క్రికెట్ బ్యాటు దొంగిలించడానికి ఇంట్లోకి వెళ్లాడని, ఏం చేయాలో ముందే కాగితం మీద రాసుకున్నాడని చెప్పారు. అతడు చూసిన నేర కథల వీడియోల గురించి వార్తల్లో విస్తృతంగా చర్చ జరిగింది.

పెద్దల నేరాల్లోనూ ఈ వాదం కనిపిస్తుంది. 2017లో నాగర్‌కర్నూల్‌లో ఒక యువతి ప్రియుడితో కలిసి భర్తను చంపి, ప్రియుడి ముఖంపై యాసిడ్ పోసి అతణ్ణే భర్తగా నమ్మించబోయింది. 2014లో వచ్చిన 'ఎవడు' సినిమా ఆమెకు ఆ ఆలోచన ఇచ్చిందని పోలీసులు తెలిపారు. ఈ కేసు మొత్తం చర్చకు ఒక తాళంచెవి లాంటిది. ఉపాయం తెర మీది నుంచి వచ్చి ఉండవచ్చు. చంపాలన్న సంకల్పం ఆ సంసారంలోంచి వచ్చింది. మాధ్యమాల ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు పద్ధతిని, ప్రేరణను విడివిడిగా చూడాలి.

మాధ్యమాల పాత్ర

తెలుగు సినిమాపై ఈ అభియోగం కొత్తది కాదు. 1989లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'శివ' కాలేజీ ముఠాలను, సైకిల్ చైన్‌ను కుర్రకారు ఊహలో నిలిపింది. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001) ఘనవిజయాలతో రాయలసీమ ఫ్యాక్షన్ కథలు ఏళ్ల తరబడి తెరను ఏలాయి. 'అర్జున్ రెడ్డి' (2017) కోపాన్ని ప్రేమకు గుర్తుగా చూపిందన్న విమర్శ వచ్చింది. 2025లో వచ్చిన 'హిట్: ది థర్డ్ కేస్' వంటి చిత్రాలు పెద్దలకు మాత్రమే అన్న ధ్రువపత్రంతో విడుదలై హింసలో కొత్త హద్దులు దాటాయి. పిల్లల ప్రవర్తనపై 'పుష్ప' ప్రభావం గురించి హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయురాలు 2025 ఫిబ్రవరిలో వెలిబుచ్చిన ఆవేదనను చాలామంది టీచర్లు తమ మాటగా పంచుకున్నారు.

శాస్త్రీయ చర్చ 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా చేసిన ప్రయోగంతో ఊపందుకుంది. పెద్దవాళ్లు ఒక గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లలు, అవకాశం రాగానే దాన్ని అలాగే కొట్టారు. అనుకరణ ద్వారా పిల్లలు నేర్చుకుంటారని ఇది తేల్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కొలంబియా కౌంటీలో లియొనార్డ్ ఎరన్, తర్వాత ఆయనతో చేరిన రోవెల్ హ్యూస్‌మన్ 1960 నుంచి కొన్ని వందల మంది పిల్లల్ని దశాబ్దాలపాటు గమనించారు. ఎనిమిదేళ్ల వయసులో హింసాత్మక టీవీ కార్యక్రమాలు ఇష్టపడిన మగపిల్లల్లో పెద్దయ్యాక దురుసుతనం ఎక్కువగా కనిపించిందని చెప్పారు. 2018లో 17,000 మందికి పైగా పిల్లలపై జరిగిన 24 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, హింసాత్మక వీడియో ఆటలకు, తర్వాతి కాలంలోని కొట్లాటలకు మధ్య చిన్నదైనా స్పష్టమైన సంబంధం కనిపించింది.

దీనికి బలమైన అభ్యంతరాలూ ఉన్నాయి. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వెయ్యి మంది బ్రిటిష్ కిశోరుల విషయంలో పిల్లల మాటతో ఆగకుండా తల్లిదండ్రుల అంచనాలనూ, ఆటల అధికారిక రేటింగులనూ పోల్చి చూశారు. సంబంధం ఏదీ కనిపించలేదు. క్రిస్టఫర్ ఫెర్గుసన్ వంటి విమర్శకులు కుటుంబ హింసను, స్వభావాన్ని లెక్కలోకి తీసుకుంటే మాధ్యమాల ప్రభావం దాదాపు మాయమవుతుందని వాదిస్తారు. జపాన్‌లో వీడియో ఆటలు విపరీతంగా ఆడతారు, హత్యలు అత్యల్పం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన తీర్మానాన్ని సవరిస్తూ, ఆటలకు అరుపులు, తోపులాటల వంటి దురుసుతనంతో చిన్న సంబంధం ఉందనీ, హింసను వాటికి ముడిపెట్టేంత ఆధారం లేదనీ స్పష్టం చేసింది.

1993లో ఇంగ్లండ్‌లో ఇద్దరు పదేళ్ల బాలురు రెండేళ్ల పసివాణ్ణి చంపిన కేసులో మాధ్యమాలను వెంటనే దోషిగా తేల్చే తొందరపాటు కనిపిస్తుంది. హింసాత్మక వీడియోలు కొంత కారణం కావచ్చని న్యాయమూర్తి వ్యాఖ్యానించడంతో పత్రికలు ఒక భయానక చిత్రాన్ని పేరుపెట్టి దోషిగా నిలబెట్టాయి. ఆ పిల్లలు దాన్ని చూశారనడానికి ఆధారం దొరకలేదని పోలీసులు చెప్పారు. ఇళ్లలో వాళ్లు చవిచూసిన హింస, నిర్లక్ష్యం గురించి మాత్రం అంత చర్చ జరగలేదు.

హింసను చూపే కథలు తెలంగాణ పల్లెలకు తరతరాలుగా తెలుసు. చిందు భాగవతంలో రాక్షస సంహారం, ఒగ్గుకథలో యుద్ధాలు రాత్రంతా నడిచేవి. పిల్లలు ఆ ఆటను తాతల ఒడిలో, ఊరి మధ్య కూర్చుని చూసేవారు. తప్పెవరిదో, ఫలితం ఏమిటో పక్కనున్న పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు అదే వయసు పిల్లవాడు దుప్పటి కింద ఒంటరిగా రీల్స్ చూస్తున్నాడు. ఏది చూపాలో యంత్రం నిర్ణయిస్తోంది. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని 2024 'అసర్' సర్వే తెలిపింది. అంతకు ముందు వారంలో వీరిలో 76 శాతం సామాజిక మాధ్యమాల కోసం వాడితే, చదువు కోసం వాడినవారు 57 శాతం. కథలోని హింస కంటే, దాన్ని పిల్లవాడు ఒంటరిగా చూడాల్సి రావడమే ఇక్కడ పెద్ద మార్పు.

పెంపకం పాత్ర

లండన్ దక్షిణ ప్రాంతంలో 1961లో మొదలైన కేంబ్రిడ్జ్ అధ్యయనం 411 మంది బాలుర్ని వారి నడివయసు దాకా అనుసరించింది. ఎనిమిది, పదేళ్ల వయసులోనే కనిపించిన కొన్ని సంగతులు తర్వాతి నేరజీవితాన్ని సూచించాయని డేవిడ్ ఫారింగ్టన్ బృందం తేల్చింది. పిల్లవాడు ఎక్కడున్నాడో ఇంట్లో తెలియకపోవడం, కఠిన శిక్షలు, తల్లిదండ్రుల తగాదాలు, ఇంట్లో నేరచరిత్ర, తక్కువ ఆదాయం వాటిలో ముఖ్యమైనవి. అమెరికాలో జెరాల్డ్ ప్యాటర్సన్ 'బలవంతపు వలయం' అన్నదాన్ని వివరించాడు. తండ్రి అరుస్తాడు, కొడుకు ఎదురు తిరుగుతాడు, ఇద్దరిలో ఎవరు ఎక్కువ రెచ్చిపోతే వారి మాట నెగ్గుతుంది. బలమే పనిచేస్తుందన్న పాఠం పిల్లవాడికి అలా ఒంటబడుతుంది.

డయానా బామ్రిండ్ 1960లలో తల్లిదండ్రుల తీరును మూడు రకాలుగా వర్గీకరించింది: ఆజ్ఞాపించేవారు, అన్నిటికీ వదిలేసేవారు, ప్రేమతో పాటు కట్టుబాటు పాటించేవారు. మూడో రకం ఇళ్లలోని పిల్లలు ఎక్కువ నిలకడగా ఉంటారని తర్వాతి అధ్యయనాలు చాలావరకు సమర్థించాయి. ఎలిజబెత్ గెర్షాఫ్ 2002లోనూ 2016లోనూ చేసిన సమీక్షల ప్రకారం, కొట్టి పెంచిన పిల్లల్లో దురుసుతనం తగ్గకపోగా పెరిగింది.

మన సమాజంలో దెబ్బకు గౌరవం ఎక్కువ. 'దెబ్బకు దయ్యం కూడా దిగుతుంది' అన్న సామెత బడిలోనూ ఇంట్లోనూ నేటికీ చెల్లుబాటవుతోంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురయ్యారు. ఇంట్లో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతాన్ని కొట్టింది కన్నవారే. 2002 నుంచి తెలుగు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లల్ని అనుసరిస్తున్న 'యంగ్ లైవ్స్' అధ్యయనంలో ఎనిమిదేళ్లవారిలో 78 శాతం, పదిహేనేళ్లవారిలో 34 శాతం గడిచిన వారంలో టీచరు చేతి దెబ్బ తిన్నామన్నారు. బడిలో శారీరక శిక్షను విద్యాహక్కు చట్టం 2009లోనే నిషేధించింది. ఇంట్లో కొట్టడాన్ని పేరుపెట్టి నిషేధించే చట్టం దేశంలో లేదు. స్వీడన్ 1979లోనే ఆ పని చేసింది.

తాగుడు మరో పెద్ద సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన మగవారిలో 43.3 శాతం మద్యం తాగుతారు. దేశంలోని పెద్ద రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. పెళ్లయిన ఆడవారిలో మూడో వంతుకు పైగా భర్త చేతిలో హింస చవిచూశారు. తల్లిని తండ్రి కొట్టడం చూస్తూ పెరిగే పిల్లవాడికి ఆ దృశ్యం తెర మీది ఫైటింగ్ కంటే వెయ్యి రెట్లు నిజం. 'ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా' అని ఊళ్లలో అనేది ఈ అనుభవంతోనే.

పెంపకం వాదానికీ హద్దులున్నాయి. ఒకే తల్లిదండ్రులకు పుట్టి ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు వేర్వేరు దారులు పడతారు. పుట్టుకతో వచ్చే ఉద్రేక స్వభావం తల్లిదండ్రుల్ని కఠినంగా మార్చడమూ జరుగుతుంది. ఇంటి కంటే స్నేహితుల ప్రభావమే ఎక్కువని జుడిత్ రిచ్ హ్యారిస్ 1998లో గట్టిగా వాదించింది. టెర్రీ మాఫిట్ 1993లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం తప్పుదారి పట్టే కిశోరుల్లో అత్యధికులు యవ్వనం దాటాక తమంత తామే సర్దుకుంటారు. జీవితాంతం హింసలో మిగిలేది చాలా కొద్దిమంది, వారి కష్టాలు బాల్యంలోనే మొదలవుతాయి.

మెదక్ పట్టణం: పెంపకం జరిగే పరిస్థితులు

2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా మూడుగా విడిపోయి సంగారెడ్డి, సిద్దిపేట వేరయ్యాయి. మెదక్ పట్టణం కొత్త జిల్లాకు కేంద్రమైంది. హైదరాబాద్‌కు సుమారు 95 కిలోమీటర్ల దూరం. దగ్గరున్న మంబోజిపల్లి చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికులకూ చెరుకు రైతులకూ ఆ ఆసరా పోయింది. జిల్లాలో పరిశ్రమలు ఎక్కువగా 44వ నంబరు జాతీయ రహదారి వెంట తూప్రాన్, మనోహరాబాద్ వైపు ఉన్నాయి. బతుకుదెరువు కోసం షిఫ్టు పనికో, హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో వెళ్లే తండ్రి ఇంట్లో ఉండే గంటలు తక్కువ. బీడీలు చుడుతూ, కూలికి వెళ్తూ ఇల్లు నడిపే తల్లికి పిల్లవాడి ఫోన్లో ఏముందో చూసే తీరిక లేదు, చాలాసార్లు ఆ యంత్రం ఆమెకు తెలియదు కూడా. పిల్లల బాధ్యత నానమ్మ మీద పడుతుంది. 'పెంపకం సరిగా లేదు' అనే తీర్పు ఈ ఇళ్లకు అన్యాయం చేస్తుంది.

పాత మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, అందులో కలిపే మత్తుమందు అందక విలవిల్లాడిన వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. కల్లు కాంపౌండ్ నుంచి ఇంటికి చేరే మత్తు ఎన్ని బాల్యాలను తాకిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మరో ప్రత్యేకత హాస్టళ్లది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, సాధారణ గురుకులాలన్నీ కలిపి దాదాపు వెయ్యి దాకా ఉన్నాయి. అయిదో తరగతి నుంచే వాటిలో చేరే పిల్లలకు వార్డెన్లు, టీచర్లు, తోటి విద్యార్థులే కుటుంబం. వారి పెంపకం గురించి అడగాల్సిన ప్రశ్న ప్రభుత్వానికి కూడా వేయాలి.

ఈ పట్టణానికి బలాలూ ఉన్నాయి. మెదక్ చర్చి ఆవరణ, దగ్గరలోని ఏడుపాయల జాతర, పీర్ల పండుగ, బతుకమ్మ రోజులు అన్ని వయసులవారినీ ఒకచోట చేరుస్తాయి. ఎవరి కొడుకు ఎవరో గుర్తుపట్టే చిన్న ఊరికి ఆ పరిచయమే ఒక కాపలా. మహానగరం అంచున పెరిగే అద్దె ఇళ్ల కాలనీలకు ఈ సౌకర్యం లేదు.

చట్టం, న్యాయప్రక్రియ

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన, ఒక మైనర్ కూడా నిందితుడైన సామూహిక అత్యాచార ఘటన తర్వాత వచ్చిన బాలల న్యాయచట్టం (2015) 2016 జనవరి 15న అమలులోకి వచ్చింది. 16–18 ఏళ్ల బాలలు కనీసం ఏడేళ్ల శిక్ష పడగల ఘోర నేరం చేసినట్టు ఆరోపణ వస్తే, మానసిక పరిణతిని బోర్డు ప్రాథమికంగా అంచనా వేసి, పెద్దలుగా విచారించాలో లేదో 15వ సెక్షన్ కింద నిర్ణయిస్తుంది. మిగతావారిని గరిష్ఠంగా మూడేళ్ల పాటు ప్రత్యేక గృహంలో ఉంచవచ్చు. ప్రతి కేసులో బాలుడి ఇల్లు, బడి, స్నేహాల గురించి సామాజిక నివేదిక తయారు చేయాలి. బాలుడి పేరు, ఊరు, బడి బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తుంది.

మాధ్యమాల వైపు చూస్తే, సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ యూఏ ధ్రువపత్రాన్ని 7, 13, 16 ఏళ్ల వర్గాలుగా విడదీసింది. ఓటీటీలు వయసు సూచికలు, తల్లిదండ్రుల తాళం పెట్టాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. పదహారేళ్లలోపు పిల్లల్ని ఉదయం 11కు ముందు, రాత్రి 11 తర్వాత థియేటర్లలోకి రానివ్వరాదని తెలంగాణ హైకోర్టు 2025 జనవరిలో ఆదేశించి, మార్చిలో సడలించింది. అదే సినిమా కొన్ని వారాల్లో ఫోన్లోకి వస్తుంది కాబట్టి థియేటరు గేటు దగ్గరి నియమాల శక్తి పరిమితం.

తల్లిదండ్రుల్ని శిక్షించిన ఉదాహరణ అమెరికాలో ఉంది. మిషిగన్ రాష్ట్రంలో 2021లో నలుగురు తోటి విద్యార్థుల్ని కాల్చి చంపిన పదిహేనేళ్ల బాలుడి తల్లిదండ్రులకు 2024లో చెరో పది నుంచి పదిహేనేళ్ల జైలు పడింది. కొడుకు మానసిక స్థితి పట్టించుకోకుండా తుపాకి అందుబాటులో ఉంచారన్నది వారిపై నేరం.

నివారణ

పిల్లలపై హింసను అరికట్టేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన ఏడు వ్యూహాల్లో తల్లిదండ్రులకు తోడ్పాటు, కుటుంబ ఆదాయం బలపరచడం, బడిలో జీవన నైపుణ్యాలు ముఖ్యమైనవి. కొట్టకుండా క్రమశిక్షణ నేర్పే పద్ధతుల్లో తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తే పిల్లల దురుసుతనం తగ్గుతుందని అనేక దేశాల్లో రుజువైంది. ఫోన్ వ్యసనం కోసం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2014లోనే ప్రత్యేక క్లినిక్ తెరిచింది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, మానసిక సలహా కోసం 14416 టోల్‌ఫ్రీ నంబర్లు దేశమంతటా పనిచేస్తున్నాయి. మెదక్ వంటి చోట అంగన్‌వాడీలు, మహిళా సంఘాల సమావేశాలు, బడిలో తల్లిదండ్రుల సమావేశాలు ఈ శిక్షణకు సిద్ధంగా ఉన్న వేదికలు.

మూల్యాంకనం

దోషం మాధ్యమాలదా, పెంపకానిదా అని అడిగితే సాక్ష్యం పెంపకం వైపే ఎక్కువ మొగ్గుతుంది. ఆ మొగ్గును తల్లిదండ్రులపై నిందగా మార్చడం మాత్రం తప్పు. కల్లు కల్తీ చేసినవారు, కర్మాగారం మూసినవారు, బెత్తం వదలని టీచరు, రక్తపాతాన్ని వీరత్వంగా అమ్మే నిర్మాత, పిల్లవాడి చూపును అమ్ముకునే వేదిక కూడా ఆ పెంపకంలో పాలుపంచుకుంటున్నారు. హింసను పిల్లవాడు మొదట తన ఒంటి మీద నేర్చుకుంటాడు, తర్వాతే తెర మీద చూస్తాడు. కాబట్టి మొదటి పని ఇంట్లో, బడిలో కొట్టడం మానడం. రెండో పని పిల్లలు చూసేది వాళ్ల పక్కన కూర్చుని చూడటం, చూసినదాని గురించి మాట్లాడటం. ఈ రెండింటికీ ఖర్చు లేదు, చట్టం కోసం ఆగనక్కర్లేదు. వాటికి తీరిక దొరికేలా తల్లిదండ్రులకు పనిని, బడిని, వైద్యాన్ని దగ్గర చేయడం ప్రభుత్వం బాధ్యత.